నలువది దినముల నియమము



ఏటేటా ఫిబ్రవరి, మార్చి మాసములలో క్రైస్తవ సోదరులు ఒక విశేష నియమమును పూనుదురు. అది లెంటు కాలము. కొందరు మాంసమును విడుతురు. కొందరు మిఠాయిని, మరికొందరు చుట్టను, బీడీని విడుతురు. ఇటీవలి సంవత్సరములలో ఆ పట్టికయందు ఒక క్రొత్త వస్తువు చేరినది. అది తినునది కాదు, త్రాగునది కాదు, చేతబట్టి చూచునది. సెల్‌ఫోనులో గంటలకొలది రీళ్లు చూచుటను, ఆటలాడుటను ఈ నలువది దినములు మానెదమని సంకల్పించువారు నేడు అనేక దేశములలో కానవచ్చుచున్నారు.

ఈ నియమము ఎట్టిది? అలవాటును విడుచుటలో అది ఎట్లు తోడ్పడును? క్రైస్తవులు కానివారు సైతము దానినుండి గ్రహింపదగినదేమి? ముఖ్యముగా, మరాఠీ సీమలో తెలుగు చదువుకొనుచున్న మనకు ఇందువలన కలుగు మేలేమి? ఈ ప్రశ్నలకు సమాధానములను ఈ పాఠమున విచారింతము.

1. లెంటు అనగానేమి?

"లెంటు" అను మాటకు ప్రాచీనాంగ్ల భాషయందు వసంతకాలమని అర్థము. పగళ్లు దీర్ఘమగు కాలమను భావమునుండి ఆ పేరు పుట్టినది. తెలుగు కతోలికులు దీనిని తపస్సు కాలమందురు. ప్రొటెస్టంటు సంఘములవారు శ్రమ దినములని వ్యవహరింతురు. యేసుక్రీస్తు తన బోధను ప్రారంభించుటకు పూర్వము అరణ్యమున నలువది దినములు ఉపవాసముండెనని మత్తయి, లూకా సువార్తలు తెలుపుచున్నవి. ఆ ఉపవాసమును స్మరించుచు ఈ కాలమును పాటింతురు.

ఇది విభూది బుధవారమునాడు మొదలగును. ఆనాడు గురువు భక్తుల నుదుట భస్మముతో సిలువ గుర్తు వేయును. ఈస్టరు పండుగకు ముందుదినమున ఇది ముగియును. 2026వ సంవత్సరమున విభూది బుధవారము ఫిబ్రవరి 18, ఈస్టరు ఏప్రిల్ 5. లెక్కించి చూచినచో నడుమ 46 దినములు వచ్చును. అందు ఆదివారములు 6. ఆదివారము క్రీస్తు పునరుత్థానమును స్మరించు దినము గనుక ఉపవాసమునకు చేరదు. వానిని తీసివేయగా మిగులునవి 40.

మన జిల్లాయందే ఈ విషయమున ఒక విశేషము కలదు. బల్లార్‌పూర్ కేంద్రముగా నున్న చాందా కతోలిక మేత్రాసనము సిరో-మలబారు సంప్రదాయమునకు చెందినది. ఆ పూర్వదేశ సంప్రదాయమున ఉపవాసకాలము బుధవారముననుగాక, దానికి రెండు దినములు ముందు సోమవారముననే ఆరంభమగును. ఒకప్పుడు తెలుగు జిల్లాయైన ఆదిలాబాదు కూడ ఈ మేత్రాసనములోనే యుండెను. 1999లో ప్రత్యేక మేత్రాసనముగా ఏర్పడినది.

ఈ కాలమునకు మూడు అంగములు చెప్పుదురు: ప్రార్థన, ఉపవాసము, దానము. ఈ మూడింటిని విడదీయరాదు. భోజనమును తగ్గించి మిగిల్చినది బీదకు పెట్టవలెను. వినోదమును తగ్గించి మిగిల్చిన కాలమును ప్రార్థనకు ఇయ్యవలెను. కేవలము మానుట నియమములో సగము మాత్రమే. మానినదాని స్థానమున మంచిదానిని నిలుపుట తక్కిన సగము. ఈ సూత్రమును చక్కగ జ్ఞాపకముంచుకొనుడు. ఈ పాఠమంతయు దానిమీదనే నిలిచియున్నది.

2025లో దివంగతులైన పోపు ఫ్రాన్సిస్, 2020 ఫిబ్రవరి 26న, అనగా ఆ యేటి విభూది బుధవారమున, ఈ విషయమునే బోధించిరి. లెంటు టెలివిజనును ఆపి బైబిలును తెరువదగిన కాలమనియు, సెల్‌ఫోనునుండి విడివడి సువార్తతో ముడివడదగిన కాలమనియు వారి బోధ సారాంశము. వారు ఫోనును ఆపుడని చెప్పి ఊరకుండలేదు. దాని చోట ఏమి చేయవలెనో కూడ చెప్పిరి.

2. ఇట్టి నియమములు మనకు క్రొత్తవి కావు

ఒక మేర గీచుకొని, అంతవరకు ఒక సుఖమును విడిచియుండుట అన్ని మతములయందు కలదు. అయ్యప్ప దీక్ష బూనినవారు 41 దినములు నేలపై శయనింతురు, మద్యమాంసములను ముట్టరు. ముస్లిములు రమజాను మాసమంతయు పగలు అన్నపానీయములను విడుతురు. మహారాష్ట్రమున ఆషాఢ ఏకాదశి మొదలు కార్తిక ఏకాదశి వరకు చాతుర్మాస్యమని అనేక కుటుంబములు ఏదో యొక పదార్థమును వర్జింతురు. జైనులు పర్యుషణ దినములలో కఠినోపవాసములు చేయుదురు.

మన చంద్రపూర్ పట్టణమున దీక్షాభూమి కలదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధమును స్వీకరించిన డాక్టరు అంబేడ్కరు, అక్టోబరు 16న ఇచ్చటికి వచ్చి వేలాది జనులకు దీక్ష యొసంగిరి. నాడు వారు చేయించిన 22 ప్రతిజ్ఞలలో మద్యమును సేవింపననునది ఒకటి.

ఇవి వేరువేరు విశ్వాసములనుండి పుట్టినవే గాని, వీనియందు మూడు పోలికలున్నవి. మొదటిది, నియమమును పూనువాడు తానే పూనును. రెండవది, నలుగురు కలిసి పూనుదురు. అందుచే ఒకరికొకరు తోడగుదురు. మూడవది, పెక్కింటికి ఆద్యంతములు నిర్ణీతములై యుండును. "జన్మలో నిక ముట్టను" అను మాట చెప్పుట సులభము, నిలుపుకొనుట దుర్లభము. "నలువది దినములు ముట్టను" అను మాటను బాలుడు సైతము నిలుపుకొనగలడు.

3. వ్యసనమను మాటకు అర్థము

పూర్వులు సప్తవ్యసనములని ఏడింటిని లెక్కించిరి. వానిలో జూదము, పానము, వేట మున్నగునవి కలవు. ఇవన్నియు ఆదియందు వినోదములే. వేటాడిన ప్రతి రాజును వ్యసనపరుడని మన పెద్దలు అనలేదు. రాజ్యకార్యమును మరపించు వేటనే వ్యసనమనిరి. సంస్కృతమున ఆ మాటకు మూలమైన ధాతువునకు "విసరుట, చెదరగొట్టుట" అని అర్థము. మనుజుని చెదరగొట్టునది వ్యసనము.

ఫోను వాడుక యంతయు వ్యసనము కాదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతబడినప్పుడు చదువు ఫోనుమీదనే కొంతైన నడచినది. బాలభారతి ప్రచురించు తెలుగు పాఠ్యపుస్తకములను నేడు ఫోనులోనే దింపుకొనవచ్చును. తెలంగాణమున నున్న నాయనమ్మ ముఖమును ప్రతిదినము చూపునదియు అదియే. కావున మనము విడువవలసినది వస్తువును కాదు. దానియందలి ఒక దురభ్యాసమును.

ఏది దురభ్యాసము? ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికయందు ఆటల వ్యసనమును ఒక రుగ్మతగా 2019లో చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ సంస్థ చెప్పిన లక్షణములు మూడు. ఆటను ఆపదలచియు ఆపలేకుండుట. చదువు, నిద్ర, భోజనము, స్నేహము మొదలగువానికంటె ఆటయే ముఖ్యమగుట. హాని కలుగుచున్నదని తెలిసియు కొనసాగించుట. సాధారణముగా ఇట్టి స్థితి ఒక సంవత్సరము నడచిననే వైద్యులు దానిని రుగ్మత యందురు. రీళ్లు చూచుట ఆ పట్టికలో చేరలేదు. అయినను ఎవరి అలవాటును వారు పరీక్షించుకొనుటకు ఈ మూడు లక్షణములు మంచి గీటురాళ్లు.

2024లో జరిగిన అసర్ సర్వే గ్రామీణ భారతమునందలి పిల్లల స్థితిని తెలిపినది. 14 నుండి 16 ఏండ్ల వయస్సు వారిలో స్మార్ట్‌ఫోను వాడనేర్చినవారు నూటికి 82 మంది. వారిలో సర్వేకు ముందటి వారమున చదువుకొరకు దానిని వాడినవారు నూటికి 57 మంది; సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది. వినోదము చదువును మించినదని ఈ అంకెలు చెప్పుచున్నవి.

4. చేయి ఎందుకు ఆగదు?

"ఒక్కటి చూచి పెట్టివేసెదను" అని ఫోను పట్టినవాడు గంట గడచినను పెట్టడు. ఇది కేవలము వాని బలహీనత కాదు. ఆ యంత్రమునందలి ఏర్పాటే అట్టిది.

పుస్తకమునకు పుటలు కలవు, అధ్యాయము ముగియును, అచ్చట కన్ను ఆగును. తొలినాటి అంతర్జాల పత్రములకును అట్లే పుట చివర ఉండెడిది. 2006లో ఏజా రాస్కిన్ అను అమెరికను రూపకర్త అంతము లేకుండ క్రిందికి జారుచుండు పుటను కల్పించెను. చివర లేదు గనుక ఆగుచోటు లేదు. దానివలన జనులకు కలిగిన కాలనష్టమునకు తరువాత ఆయనయే బహిరంగముగ విచారము వెలిబుచ్చెను.

రెండవ కారణమును స్కిన్నర్ అను మనశ్శాస్త్రజ్ఞుని పరిశోధనలు తెలుపును. ఆయన ఎలుకలకు, పావురములకు మీట నొక్కిన ఆహారము వచ్చునట్లు పెట్టెలను అమర్చెను. నొక్కిన ప్రతిసారి ఆహారము వచ్చు పెట్టెకంటె, ఎప్పుడు వచ్చునో తెలియని పెట్టె దగ్గరనే ప్రాణి పట్టు విడువక మీటను నొక్కుచుండెను. జూదగృహములోని యంత్రము ఈ సూత్రముమీదనే నడచును. రీళ్లును అట్టివే. పది చప్పనివి, పిమ్మట ఒకటి రుచికరము. ఆ ఒక్కటి ఎప్పుడు వచ్చునో తెలియదు గనుక వ్రేలు ఆగదు.

ఇక ధనమును పణముగ నొడ్డు ఆన్‌లైను ఆటలు నిజముగ జూదములే. ధర్మరాజు వంటి ధర్మజ్ఞుడే పాచికల యెదుట రాజ్యమును, తమ్ములను, తుదకు ద్రౌపదిని ఒడ్డిన కథను సభాపర్వమున చదివియున్నారు. ఒక్క పందెము నెగ్గిన పోయినదంతయు వచ్చునను ఆశయే ఆయనను కూర్చుండబెట్టినది. నేటి ఆటగాని ఆశయు అదియే. ఇట్టి ఆటలను తెలంగాణ రాష్ట్రము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించు శాసనమును చేసినది.

5. నిషేధమా, నియమమా?

"పిల్లల చేతినుండి ఫోను లాగివేసినచో సరిపోదా?" అని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము మన జిల్లా అనుభవముననే కొంత దొరకును.

2010లో స్త్రీలు మద్యనిషేధమును కోరుచు చిమూర్‌నుండి నాగపూర్‌వరకు కాలినడకన పోయిరి. ఆ ఉద్యమ ఫలముగా 2015 ఏప్రిల్ 1 నుండి చంద్రపూర్ జిల్లాయందు మద్యము నిషేధింపబడినది. 2021లో రాష్ట్ర ప్రభుత్వము దానిని ఎత్తివేసినది. దొంగసారా వ్యాపారము పెరిగినదనియు, నేరములు హెచ్చినవనియు కారణము చెప్పినది. ఆ నిర్ణయము మంచిదా, చెడ్డదా అను వివాదములోనికి మనము పోనక్కరలేదు. శాసనము దుకాణమును మూయగలదు గాని త్రాగువాని కోరికను మూయలేదనునది మాత్రము అందరు చూచిన సంగతి. అంబేడ్కరు చేయించిన ప్రతిజ్ఞ శాసనము కాదు. అయినను దానిని నేటికిని తమ యిండ్లలో పాటించు కుటుంబములు కలవు.

ఫోను విషయమునను రెండు మార్గములు కనబడుచున్నవి. మన పొరుగు జిల్లాయైన యవత్‌మాళ్‌లో పుసద్ తాలూకా బాంశీ గ్రామము 2022 నవంబరున 18 ఏండ్లలోపు వారు సెల్‌ఫోను వాడరాదని తీర్మానించినది. ఆస్ట్రేలియా దేశము 16 ఏండ్లలోపు వారికి సామాజిక మాధ్యమ ఖాతాలు ఉండరాదని శాసించినది. అది 2025 డిసెంబరు 10న అమలులోనికి వచ్చినది. ఇవి నిషేధ మార్గములు. వీనికిని ప్రయోజనము కలదు. పసివారిని రక్షించుట పెద్దల ధర్మమే.

రెండవ మార్గమును మన రాష్ట్రముననే సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడగావ్ చూపినది. అది సుమారు మూడువేల జనాభా గల పల్లె. కరోనా కాలమున చదువుకొరకు ఫోను పట్టిన పిల్లలు బడులు తెరచినను దానిని విడువలేదు. 2022 ఆగస్టులో గ్రామస్థులు, ముఖ్యముగ స్త్రీలు, సమావేశమై ఒక నిర్ణయము చేసికొనిరి. ప్రతి సాయంకాలము 7 గంటలకు గుడినుండి సైరను మ్రోగును. వెంటనే ఇంటింట టెలివిజనులు, ఫోనులు ఆపవలెను. 8 గంటల 30 నిమిషములకు మరల సైరను మ్రోగువరకు పిల్లలు చదువుకొందురు, పెద్దలు మాటలాడుకొందురు. ఆరంభమున అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, విశ్రాంత ఉపాధ్యాయులు ఇల్లిల్లు తిరిగి జ్ఞాపకము చేసిరి. కొంతకాలమునకు పిల్లలు మరల పుస్తకములు పట్టిరని గ్రామస్థులు చెప్పిరి.

ఈ రెండవ మార్గము లెంటు నియమమునకు దగ్గరి చుట్టము. వేళ నిర్ణీతము. ఊరంతయు కలిసి పూనినది. పిల్లలకొక న్యాయము, పెద్దలకొక న్యాయము లేదు. మానిన గంటన్నరకు పని ముందే నిర్ణయింపబడినది.

6. మన పద్మాపూర్‌లో దీని అవసరము

మన పద్మాపూర్ చంద్రపూర్‌నుండి తాడోబాకు పోవు మోహుర్లీ మార్గమున ఉన్నది. ఒక ప్రక్క బొగ్గుగని. ఒక ప్రక్క 1955లోనే జాతీయోద్యానమైన తాడోబా అడవికి త్రోవ. చీకటి పడినచో పులి, చిరుతల భయముచే తల్లులు పిల్లలను బయటికి పంపరు. వేసవిలో పగటి ఎండ 45 డిగ్రీలను దాటుట ఇచ్చట సాధారణము. కావున పిల్లలు మధ్యాహ్నమును ఇంటనే, సాయంకాలమును ఇంటనే యుందురు. గనిలో మూడు షిఫ్టుల పని. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రించును. ఆయనకు నిద్రాభంగము కలుగకుండ తల్లి పిల్లవాని చేతికి ఫోను ఇచ్చును. వాడు అల్లరి మానును, ఇల్లు నిశ్శబ్దమగును. ఇట్లు అలవాటు మొదలగును. ఇందు ఎవరి దుర్బుద్ధియు లేదు, పరిస్థితియే అట్టిది.

కాని ఆ నిశ్శబ్దమునకు మనము చెల్లించు వెల ఇతరులకంటె అధికము. ఎట్లనగా: మరాఠీ బాలుడు ఇంట మౌనముగ నున్నను వీధిలో, అంగడిలో, బస్సులో, కార్యాలయములో వాని భాష వానికి వినబడుచుండును. తెలుగు బాలునికి ఇచ్చట తన భాష వినబడు చోట్లు రెండే: బడి, ఇల్లు. బడిలోని తెలుగు పుస్తకపు తెలుగు. ఇంటి తెలుగే వాడుక తెలుగు. తోడికోడలు, మేనత్త, వియ్యపురాలు అను బంధుత్వపు మాటలు. రోకలి, చేట, జల్లెడ అను ఇంటి వస్తువుల పేర్లు. మృగశిర, ఆరుద్ర అను కార్తెల పేర్లు. సమయమునకు తగిన సామెత – ఇవన్నియు పాఠ్యపుస్తకమున దొరకునంతకంటె అవ్వ ప్రక్కన కూర్చున్నప్పుడు ఎక్కువగ దొరకును. ఆ కూర్చుండు వేళ సాయంకాలము. సాయంకాలమును ఫోను హరించినచో మనకున్న రెండు చోట్లలో ఒకటి పోయినట్లే.

ఫోనులోను తెలుగు కలదుగదా యని కొందరనవచ్చును. కలదు. చలనచిత్రములు, పాటలు, వార్తలు అన్నియు కలవు. అవి వినుట మంచిదే. కాని వినుట వేరు, మాటలాడుట వేరు. రీలు మనలను ప్రశ్నింపదు; మన ఉచ్చారణను దిద్దదు; మన జవాబుకొరకు ఎదురుచూడదు. నోరు తిరుగనిదే భాష నిలువదు. "అభ్యాసము కూసువిద్య" అను సామెత దురభ్యాసమునకే కాదు, భాషాభ్యాసమునకును వర్తించును.

7. నియమమును పాటించు విధానము

ఇక ఆచరణకు వత్తము. లెంటు పాటించువారు ఆ దినములలోను, తక్కినవారు తమకు అనుకూలమైన దినమున మొదలిడియు ఈ నియమమును పూనవచ్చును. ఉగాదినాడు మొదలుపెట్టినను మేలే; అదే దినమున మరాఠీ సోదరులకు గుఢీ పాడ్వా.

(అ) ఒక్క దురభ్యాసమునే ఎన్నుకొనుడు. "ఫోనును ముట్టను" అనవలదు, అది నిలువదు. "సాయంకాలము 7 గంటలనుండి 8 గంటల 30 నిమిషములవరకు రీళ్లు చూడను, ఆటలాడను" అనుడు. నియమము ఎంత స్పష్టమో అంత సులభము.

(ఆ) ఫోనునకు ఒక చోటు ఏర్పరచుడు. జేబులో నున్నంతవరకు మనస్సు దానిమీదనే యుండును. గూటిలోనో, అలమరలోనో పెట్టి దూరముగ కూర్చుండుడు. దాని పిలుపు గంటలను ఆపుడు. ఇంటివారి అత్యవసర పిలుపులకు పెద్దలలో ఒకరు బాధ్యత వహింపవలెను.

(ఇ) మానిన వేళకు పని ముందే నిర్ణయింపుడు. పదవ తరగతివారికి పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలలలోనే వచ్చును గనుక వారి పని స్పష్టమే. చిన్న తరగతులవారు తెలుగు వాచకమునుండి ఒక పుటను ఇంటిలోని పెద్దలకు బిగ్గరగ చదివి వినిపింపవచ్చును. అవ్వచేత ఒక కథ చెప్పించుకొని మరునాడు నోటుపుస్తకమున వ్రాయవచ్చును. ఆదివారమున ఊరిలోని బంధువులకు తెలుగులో ఒక ఉత్తరము వ్రాయుడు.

(ఈ) లెక్క వ్రాయుడు. గోడ క్యాలెండరుమీద నిలిచిన దినమునకు ఒక గుర్తు, తప్పిన దినమునకు ఒక గుర్తు పెట్టుడు. తప్పినంతమాత్రమున నియమము చెడినదని విడువరాదు. మరునాడు మరల పూనుటయే అభ్యాసము.

(ఉ) ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి పూనుడు. ఒంటరిగ పూనిన నియమమునకు సాక్షి యుండడు.

(ఊ) రాత్రి పడకలోనికి ఫోను తీసికొనిపోవలదు. 13 నుండి 18 ఏండ్లవారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని నిద్రాశాస్త్ర వైద్యులు చెప్పుదురు. తొమ్మిది గంటలకు మొదలైన రీలు ఆ నిద్రనే మ్రింగివేయును.

ఇప్పుడొక లెక్క చేయుదము. దినమునకు గంటన్నర చొప్పున 40 దినములకు 60 గంటలు. 40 నిమిషముల పీరియడు లెక్కన అవి 90 పీరియడులు. ఒక విషయమును మొదటినుండి తుదివరకు మరల చదువుకొనుటకు చాలిన కాలమది. ఈ సొత్తు మీదే. నేడు ఊరక జారిపోవుచున్నది.

8. తల్లిదండ్రులకు మనవి

పిల్లలు మాట వినరు గాని, చూచి చేయుదురు. తండ్రి భోజనము చేయుచు ఫోను చూచి, కొడుకును చూడవలదనినచో ఆ మాటకు బలముండదు. వడగావ్‌లో నియమము నిలుచుటకు ముఖ్యకారణము పెద్దలును దానిని పాటించుటయే. షిఫ్టు పనివలన అందరు ఒకే వేళ ఇంట నుండుట కష్టమేయని తెలియును. ఇంటనున్న వేళ అరగంటయైనను ఫోనును ప్రక్కనబెట్టి పిల్లలతో తెలుగున మాటలాడుడు. గనిలో నేడేమి జరిగినదో చెప్పుడు. మీరు చిన్ననాడు చదివిన బడి యెట్లుండెనో చెప్పుడు. మీకు వారి పాఠము తెలియకపోయినను బాధలేదు. వారు చదువుచుండగా వినుడు, చాలును.

పిల్లవాని చేతినుండి ఫోను తీసికొన్నపుడు అతడు తీవ్రముగ కోపించుట, అన్నము మానుట, రాత్రులు మేలుకొనుట, బడి మానుట మొదలగునవి కనబడినచో కొట్టరాదు, తిట్టరాదు. అది నియమముతో కుదురు స్థితిని దాటియుండవచ్చును. వైద్యుని సలహా కావలెను. ప్రభుత్వము 2022 అక్టోబరున ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఎల్లవేళల ఉచితముగ ఫోను చేయవచ్చును. బెంగుళూరులోని నిమ్హాన్స్ వైద్యసంస్థయందు ఇట్టి అలవాటులకొరకే 2014నుండి ప్రత్యేక చికిత్సాలయము నడచుచున్నది. ధనము పణమొడ్డు ఆటలలో చిక్కినవాడు అప్పును దాచును. అతడు భయముచే దాచకుండ చెప్పుకొనగల చోటుగ ఇంటిని ఉంచుట మీ చేతిలో నున్నది.

9. ముగింపు

ఉపవాసమను మాటను విడదీసి చూడుడు: ఉప, వాసము. ఉప యనగా సమీపము. వాసము అనగా ఉండుట. భగవంతునికి సమీపమున నుండుటయే ఉపవాసమని పెద్దలు అర్థము చెప్పిరి. ఆహారమును మానుట దానికి సాధనము మాత్రమే. ఫోను ఉపవాసమునకును ఇదే అర్థము. గంటన్నర ఫోనునకు దూరముగ నుండి, ఒకే చాపమీద అవ్వకు, అమ్మకు, పుస్తకమునకు, మన భాషకు సమీపమున కూర్చుండవలెను. ఆ సమీపవాసము లేనిచో ఫోను గూటిలో నున్నను నియమము నెరవేరినట్లు కాదు.

నలువది దినములు గడచిన పిదప ఏమి చేయవలెనని అడుగుదురేమో. ఈస్టరునాడు క్రైస్తవులు తాము విడిచినదానిని మరల స్వీకరింతురు. మీరును అట్లే స్వీకరింపుడు. కాని ఆనాడు ఒక్క ప్రశ్న వేసికొనుడు: "ఇది లేక నలువది దినములు ఉండగలిగితిని గదా, ఇక ఇది నాకు ఎంతవరకు కావలెను?" ఆ ప్రశ్న వేయగలిగినవాడు ఫోనునకు యజమాని. ఆ సాయంకాలమును మాత్రము అవ్వకు తిరిగి అడుగనీయకుడు. మీరే వెళ్లి ఆమె ప్రక్కన కూర్చుండుడు.

పదములు – అర్థములు

వ్యసనము: విడువరాని చెడ్డ అలవాటు
పణము: పందెముగ నొడ్డు సొమ్ము
వర్జించుట: విడుచుట
గీటురాయి: బంగారమును పరీక్షించు రాయి, పరీక్షా సాధనము
మేత్రాసనము: కతోలిక పీఠాధిపతి పాలనలోని ప్రాంతము
కార్తె: సూర్యుడు ఒక నక్షత్రమందుండు కాలము

ప్రశ్నలు

1. విభూది బుధవారమునుండి ఈస్టరు ముందుదినమువరకు 46 దినములుండగా, లెంటు 40 దినములని ఎట్లు లెక్కింతురు?
2. లెంటు, అయ్యప్ప దీక్ష, రమజాను నియమములలోని పోలికలను వ్రాయుడు.
3. రీళ్లు చూచునపుడు చేయి ఆగకుండుటకు ఈ పాఠమున చెప్పిన రెండు కారణములేవి?
4. బాంశీ గ్రామపు తీర్మానమునకు, మోహిత్యాంచే వడగావ్ నిర్ణయమునకు గల భేదమును వివరింపుడు. మీకు ఏది మేలని తోచును? కారణములు చెప్పుడు.
5. "మానుట నియమములో సగము మాత్రమే." ఈ వాక్యమును మీ యింటి ఉదాహరణముతో సమర్థింపుడు.

అభ్యాసము: మీ అవ్వనుగాని తాతనుగాని అడిగి, పాఠ్యపుస్తకమున లేని తెలుగు మాటలు పది సేకరింపుడు. ప్రతి మాటను సొంత వాక్యమున ప్రయోగించి, నోటుపుస్తకమున వ్రాసి తరగతిలో చదువుడు.